గాలికి అనుమతి పత్రం: కర్నూలు, కడప జిల్లాల నుంచి చూసిన హామ్ రేడియో లైసెన్సు చరిత్ర

వ్యాససంగ్రహం

ఇంట్లో వైర్‌లెస్ ప్రసార యంత్రం పెట్టుకొని, ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై, ప్రభుత్వం కేటాయించిన సంకేతనామంతో ప్రపంచంలోని తమవంటి వారితో మాట్లాడేవారిని ఔత్సాహిక రేడియో నిర్వాహకులంటారు. వాడుకలో వీరికి 'హామ్'లని పేరు. ఈ లైసెన్సు వలస పాలనలో ఏ భయం నుంచి పుట్టింది, స్వాతంత్ర్యానంతరం ఏ మార్పులకు లోనైంది, స్థానికునికీ విదేశీ అతిథికీ ఏ షరతుల మీద దక్కుతోంది అనే ప్రశ్నలను కర్నూలు, కడప జిల్లాల భౌగోళిక, సామాజిక నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చట్టంలో అందరికీ సమానంగా కనిపించే అర్హత ఆచరణలో దూరం, చిరునామా, పౌరసత్వం అనే మూడు అంశాల మీద ఆధారపడి ఉందని ఇందులో ప్రతిపాదన.

కీలకపదాలు: హామ్ రేడియో, వైర్‌లెస్ చట్టం, లైసెన్సు, రాయలసీమ, మోర్స్, సంకేతనామం, అన్యోన్యత, వరదలు.

1. ఉపోద్ఘాతం

రాయలసీమ పల్లెల్లో రేడియోకు లైసెన్సు ఉండేదన్న సంగతి నేటి పరిశోధక విద్యార్థులలో చాలామందికి వింతగా తోచవచ్చు. అది ప్రసారం చేయడానికి కాదు, కేవలం వినడానికి. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీద వినిపించే పాటల కోసం, పంటల ధరల కోసం పెట్టె కొనుక్కున్న రైతు, ఏటా తపాలా కార్యాలయానికి వెళ్లి రుసుము చెల్లించి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకొనేవాడు. ఆఖరి సంవత్సరాలలో గృహ వినియోగ రేడియోకు ఆ రుసుము 15 రూపాయలు. 1980ల నడుమ ప్రభుత్వం ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. పెట్టెలు మిగిలాయి, పుస్తకాలు చెదలు పట్టాయి.

వినడానికే అనుమతి కావలసిన దేశంలో మాట్లాడడానికి అనుమతి ఎంత కష్టసాధ్యమై ఉంటుందో ఊహించవచ్చు. అయినా 1921 నుంచి ఆ అనుమతి కొందరికి దక్కుతూనే ఉంది. రేడియో చరిత్రను మనవారు ఎక్కువగా ఆకాశవాణి చరిత్రగానే రాశారు. నాటకాలు, లలిత సంగీతం, వ్యవసాయ కార్యక్రమాల మీద మన విశ్వవిద్యాలయాలలో సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. ఒక వ్యక్తి తన సొంత యంత్రంతో మరొక వ్యక్తిని పిలిచే రేడియో మాత్రం సాహిత్య, చరిత్ర పరిశోధకుల దృష్టికి దాదాపు రాలేదు. ఆ రెండవ రేడియోకు ద్వారం లైసెన్సు. కాబట్టి దాని చరిత్ర లైసెన్సుతోనే మొదలు కావాలి.

2. దగ్గర ఉంచుకోవడమే నేరమైన వస్తువు

తీగ లేని సందేశానికి ముందు తీగ ఉన్న సందేశం వచ్చింది. మద్రాసు నుంచి బొంబాయి వైపు వేసిన రైలుమార్గం కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద ఉత్తరపు మార్గంతో కలిసింది. పట్టాల వెంట తంతి స్తంభాలు నడిచాయి. దత్తమండలాలకు మోర్స్ సంకేతాలను పరిచయం చేసింది ఆ స్టేషన్లలోని టక్కుటిక్కులే. తంతి మీద ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని స్థిరపరిచిన భారత టెలిగ్రాఫ్ చట్టం 1885లో వచ్చింది. అందులోని 4వ సెక్షన్ తంతి వ్యవస్థను స్థాపించే, నడిపే హక్కు కేంద్ర ప్రభుత్వానిదేనని చెప్పి, ఇతరులకు లైసెన్సు ఇచ్చే అధికారాన్ని కూడా ఆ ప్రభుత్వం చేతిలోనే ఉంచింది. తరవాత వచ్చిన వైర్‌లెస్ లైసెన్సులన్నింటికీ మూలం ఈ సెక్షనే.

కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు 1921లో '2 జె.కె.' అనే సంకేతనామంతో భారతదేశపు మొదటి లైసెన్సు పొందిన ఔత్సాహికుడయ్యాడు. ఆయన తరవాత ముకుల్ బోస్ '2 హెచ్.క్యు.' అయ్యాడు. ఇద్దరూ పరస్పరం మాట్లాడుకోవడంతో ఈ దేశంలో ద్విముఖ ఔత్సాహిక సంభాషణ మొదలైంది. దక్షిణాదిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో ఏర్పడింది. కర్నూలు, కడప జిల్లాలు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కనుక, సీమకు పరిపాలనాపరంగా అతి సమీప ఔత్సాహిక కేంద్రం అదే. ధనాభావంతో క్లబ్బు 1927లో మూతపడింది. దాని ప్రసార యంత్రం మద్రాసు నగరపాలక సంస్థకు చేరి, 1930 నుంచి నగర ప్రసారాలకు ఉపయోగపడింది. వ్యక్తుల అభిరుచిగా మొదలైనది సంస్థ ఆస్తిగా మారిన ఈ క్రమం తరవాతి దశాబ్దాలలో దేశమంతటా కనిపిస్తుంది.

1933లో వచ్చిన భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం అసలు మలుపు. 1885 చట్టం వ్యవస్థను నెలకొల్పడం, నడపడం గురించి మాట్లాడింది. కానీ యంత్రాన్ని ఎవరైనా వాడుతుండగా పట్టుకొని రుజువు చేయడం కష్టం. ఆ చిక్కు తొలగించడానికి కొత్త చట్టం వాడుకను పక్కనపెట్టి, లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. శిక్ష స్వల్పమే. మొదటిసారి 100 రూపాయల వరకు, ఆపై 250 రూపాయల వరకు జరిమానా. కానీ సూత్రం పెద్దది. ఒక వస్తువు చేసే పని కన్నా దాని ఉనికే అనుమానాస్పదమని చెప్పే సూత్రమది.

ఇక్కడ రాయలసీమ భౌగోళికాన్ని ఒకసారి చూడాలి. 1933 చట్టం బ్రిటిష్ ఇండియాకు వర్తించింది. కర్నూలు పట్టణానికి ఎదుట, తుంగభద్ర దాటితే అలంపురం వైపు భూమి నిజాం రాజ్యం. ఆ రాజ్యపు రాజధానిలో 1933 ప్రాంతంలో మహబూబ్ అలీ అనే వ్యక్తి చిరాగ్ అలీ లేన్‌లో సొంత ప్రసార కేంద్రం నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తీసుకుంది. నదికి ఇవతల పరికరం ఉంచుకోవడమే నేరం. అవతల ఒక ప్రైవేటు వ్యక్తి ఏకంగా ప్రసార కేంద్రమే పెట్టగలిగాడు. వేసవిలో నడిచి దాటగలిగే తుంగభద్ర, తరంగాల విషయంలో రెండు న్యాయవ్యవస్థల మధ్య సరిహద్దుగా నిలిచింది. తరంగాలకు ఈ సంగతి తెలియదన్నది వేరే మాట.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలు కాగానే 1939లో కొత్త లైసెన్సులు నిలిచిపోయాయి. ఉన్నవారు తమ ప్రసార యంత్రాలను పోలీసులకు అప్పగించవలసి వచ్చింది. ఈ జప్తు వృథా భయం కాదని 1942 చూపింది. క్విట్ ఇండియా పిలుపు తరవాత ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియోకు సాంకేతిక సహాయం చేసినవారిలో నరిమన్ ప్రింటర్ వంటి ఔత్సాహికులున్నారు. ఆ కేంద్రం తన తరంగదైర్ఘ్యాన్ని 42.34 మీటర్లుగా ప్రకటించుకుంది. లెక్క వేస్తే అది సుమారు 7.08 మెగాహెర్ట్జ్. అంటే నేటికీ హామ్‌లు అతి ఎక్కువగా వాడే 40 మీటర్ల పట్టీ. 1942 నవంబరు 12న పోలీసులు దానిని పట్టుకున్నారు.

యుద్ధం ముగిశాక 1946లో లైసెన్సులు తిరిగి మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక భయం తగ్గి ఉండాలని పాఠకులు అనుకోవచ్చు. జరిగింది వేరు. 1949లో సవరణ చట్టం 1933 చట్టానికి కొత్త ఉపసెక్షన్ చేర్చింది. లైసెన్సు లేని ప్రసార యంత్రం దగ్గర ఉంటే మూడేళ్ల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వలస ప్రభుత్వం 100 రూపాయలతో సరిపెట్టిన తప్పుకు స్వతంత్ర ప్రభుత్వం కారాగారం నిర్ణయించింది. దేశ విభజన, హైదరాబాదు, కాశ్మీరు పరిణామాలు అప్పటికి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కాబట్టి ఈ కాఠిన్యాన్ని అర్థం చేసుకోవచ్చు. అయితే ఆ పరిస్థితులు చల్లారిన తరవాత కూడా ఆ ఉపసెక్షన్ ఏడు దశాబ్దాలకు పైగా చట్టంలో కొనసాగింది. హామ్ లైసెన్సు స్వభావాన్ని తేల్చేది ఈ నేపథ్యమే. వాహన లైసెన్సు నైపుణ్యానికి గుర్తు. హామ్ లైసెన్సు దానితోపాటు, నేరం నుంచి మినహాయింపు కూడా.

3. పరీక్ష, విచారణ, ప్రయాణం

1978లో వెలువడిన భారత వైర్‌లెస్ టెలిగ్రాఫ్ (ఔత్సాహిక సేవ) నియమాలు ఈ రంగానికి సమగ్ర రూపం ఇచ్చాయి. వాటి అమలు ఢిల్లీలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగానిది. దానికి వాడుకలో డబ్ల్యు.పి.సి. అని పేరు. అభ్యర్థి ముందుగా ఔత్సాహిక కేంద్ర నిర్వాహకుని ధ్రువపత్ర పరీక్షలో ఉత్తీర్ణుడు కావాలి. అందులో రేడియో సిద్ధాంతం, ఆచరణ ఒక భాగం, నియమ నిబంధనలు మరొక భాగం. పై తరగతి కోరేవారికి మోర్స్ పంపడంలో, అందుకోవడంలో పరీక్ష అదనం. తరవాత పూర్వాపరాల విచారణ, ఆపైన సంకేతనామం, చివరికి లైసెన్సు. లైసెన్సు చేతికి వచ్చాకనే ప్రసారం.

2005 నాటి సవరణ అంతకుముందున్న అనేక అంచెలను రెండుకు కుదించింది. సాధారణ తరగతి వారి సంకేతనామం వి.యు. 2తో, పరిమిత తరగతి వారిది వి.యు. 3తో మొదలవుతాయి. పరిమిత తరగతికి మోర్స్ అక్కరలేదు, కానీ ప్రసార శక్తి 50 వాట్లకు మించరాదు. సాధారణ తరగతికి నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ రావాలి. ఇరవయ్యేళ్ల లైసెన్సుకు 1000 రూపాయలు, జీవితకాలానికి 2000 రూపాయలు రుసుము. పన్నెండేళ్లు నిండిన వారు ఎవరైనా అర్హులే. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు, మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధనను తొలగించి నిర్ణయాన్ని ఆయా దేశాలకే వదిలిపెట్టింది. చాలా దేశాలు మోర్స్ పరీక్షను పూర్తిగా వదులుకున్నాయి. భారతదేశం సగం వదులుకుంది. 2013 జూలైలో ప్రభుత్వమే తంతి సేవను మూసివేసిన తరవాత కూడా, మోర్స్ నేర్చుకొమ్మని ఆ ప్రభుత్వమే అడిగే అభ్యర్థి ఈ దేశంలో హామ్ అభ్యర్థి. ఇది ఎగతాళికి అనడం లేదు. బలహీనమైన సంకేతం మీద మాట వినబడని చోట కూడా మోర్స్ వినబడుతుంది, ఆ విలువ వేరు.

పుస్తకంలో చదివితే ఈ అంచెలు సరళంగానే కనిపిస్తాయి. కర్నూలు నుంచి చూసినప్పుడు వాటి అసలు స్వరూపం తెలుస్తుంది. పరీక్షలు ప్రధానంగా మహానగరాలలోనూ రాష్ట్ర రాజధానులలోనూ ఉన్న పర్యవేక్షణ కేంద్రాలలో జరుగుతూ వచ్చాయి. కర్నూలు విద్యార్థికి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. కడప విద్యార్థికి హైదరాబాదు 400 కిలోమీటర్ల పైమాట, చెన్నై సుమారు 260. పరీక్ష రోజున ప్రయాణం ఒక్కటే కాదు. మోర్స్ ఒంటరిగా అబ్బే విద్య కాదు. ఎవరో ఒకరు పంపుతుండగా చెవి పెట్టి నేర్చుకోవాలి. నగరంలో ఆ ఎవరో ఒకరు పక్క వీధిలో ఉంటారు. పల్లెలో ఒకప్పుడు రైల్వే స్టేషన్లో, తంతి కార్యాలయంలో ఉండేవారు. ఆ ఉద్యోగాలు పోయాక గురువూ పోయాడు. హైదరాబాదులో 1983లో ఎస్. సూరి నాయకత్వాన ఏర్పడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ కొరతను తీర్చడానికి శిక్షణ తరగతులు నడిపింది. తెలుగు ప్రాంతాలలో ఈ రంగానికి గట్టి పునాది వేసిన సంస్థగా దానికి చరిత్రలో స్థానముంది. కానీ అదీ హైదరాబాదే.

1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆ మూడేళ్లు మరికొంత సాగి ఉంటే కేంద్ర ప్రభుత్వ సాంకేతిక కార్యాలయాలలో కొన్నయినా అక్కడ వెలసి ఉండేవేమో! చరిత్రలో ఇలాంటి 'ఉంటే'లకు విలువ లేదని తెలుసు. కానీ రాజధాని తరలిపోవడం అంటే సచివాలయం తరలిపోవడం మాత్రమే కాదనీ, పరీక్షా కేంద్రాలు, గురువులు, విడిభాగాలు అమ్మే అంగళ్లు కూడా దాని వెంటే వెళ్తాయనీ హామ్ రేడియో చరిత్ర గుర్తుచేస్తుంది. 2014 తరవాత ఆ హైదరాబాదు కూడా పొరుగు రాష్ట్రమైంది. ఇది కేంద్ర ప్రభుత్వ లైసెన్సు గనుక చట్టరీత్యా దానివల్ల మార్పు లేదు. దూరంలోనూ మార్పు లేదు.

పూర్వాపరాల విచారణ మరొక అంచె. దరఖాస్తుదారుడు పేర్కొన్న చిరునామాకు సంబంధించిన పోలీసు స్టేషన్ ద్వారా అది జరుగుతుంది. లైసెన్సు మనిషికే ఇచ్చినా, కేంద్రం ఉండే స్థలాన్ని అందులో నమోదు చేస్తారు. స్థలం మారితే తెలియజేయాలి. ఉన్న ఊళ్లో పుట్టి పెరిగి అక్కడే స్థిరపడిన వానికి ఇది చిక్కు కాదు. కానీ కరువు సీమలో చిరునామా అంత స్థిరమైనది కాదు. వర్షం తప్పిన ఏడు బెంగళూరుకో హైదరాబాదుకో వలసపోయే కుటుంబాలున్నాయి. చదువు కోసం వసతి గృహాలలో నాలుగేళ్లు, ఉద్యోగం కోసం అద్దె ఇళ్లలో పదేళ్లు గడిపే యువకులున్నారు. వీరి దరఖాస్తులో ఏ ఊరు రాయాలి? నియమం స్థిరనివాసిని ఊహించుకొని రాసినది. సీమ జీవితం ఆ ఊహకు పూర్తిగా ఒదగదు.

4. సంకేతనామం చెప్పని ఊరు

ఈ అంశంపై పరిశోధించేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటి ఇక్కడ ప్రస్తావించాలి. 1929లో భారతదేశానికి వి.యు. అనే ఉపసర్గ అమలులోకి వచ్చింది. అండమాన్‌కు వి.యు. 4, లక్షద్వీప్‌కు వి.యు. 7 ప్రత్యేకం. ప్రధాన భూభాగంలో మాత్రం సంకేతనామంలో రాష్ట్రం లేదు, జిల్లా లేదు. వి.యు. 2 తరవాత వచ్చే అక్షరాలు చూసి ఆ వ్యక్తి ప్రొద్దుటూరు వాడో పాట్నా వాడో చెప్పలేం. దేశమంతా ఒకే వరుస అన్న భావన ఒక రకంగా గొప్పది. ప్రాంతీయ చరిత్రకారునికి మాత్రం ఆధారం దొరకదు.

ఆ ఆధారం మరొక చోట ఉంది. ఇద్దరు హామ్‌లు గాలిలో కలుసుకున్న తరవాత దానికి గుర్తుగా ఒక కార్డు పంపుకుంటారు. దానిని క్యు.ఎస్.ఎల్. కార్డు అంటారు. తేదీ, సమయం, పౌనఃపున్యం, వినికిడి స్థాయి, ఊరు అందులో ఉంటాయి. 1980ల నుంచి వీటి మీద మెయిడెన్‌హెడ్ గడి సంఖ్య కూడా రాయడం అలవాటైంది. అక్షాంశ రేఖాంశాలను గడులుగా విభజించే ఈ పద్ధతిలో కర్నూలు, నంద్యాల ఎం.కె. 95 గడిలో పడతాయి. కడప, ప్రొద్దుటూరు, పులివెందుల ఎం.కె. 94లో పడతాయి. సంకేతనామం దాచిన ఊరును గడి సంఖ్య బయటపెడుతుంది. విదేశీ హామ్‌ల సేకరణలలో ఉన్న ఈ కార్డులు, ఇంట్లో మూలపడిన రోజువారీ నమోదు పుస్తకాలు సీమ ఔత్సాహికుల చరిత్రకు ప్రాథమిక ఆధారాలు. కైఫీయతులు, శాసనాలు సేకరించిన నేల ఇది. ఈ కార్డులు వాటికన్నా త్వరగా నశిస్తాయి.

నేల ప్రస్తావన వచ్చింది గనుక ఒక సాంకేతిక విషయం. 7 మెగాహెర్ట్జ్‌కు కావలసిన సాధారణ తీగ యాంటెన్నా పొడవు సుమారు 20 మీటర్లు. రెండు చెట్లు, లేదా ఒక మిద్దె, ఒక చెట్టు చాలు. తేమ లేని రాతినేలకు విద్యుద్వాహకత తక్కువ. అందువల్ల నేలనే ఆధారం చేసుకొనే నిలువు యాంటెన్నాలకు సీమ నేల అంతగా అనుకూలించదు. అడ్డంగా కట్టిన తీగకు ఆ ఇబ్బంది తక్కువ. పైగా పల్లెల్లో నగరపు విద్యుత్ రొద ఉండదు, బలహీన సంకేతాలు కూడా స్పష్టంగా వినిపిస్తాయి. ప్రకృతి ఇచ్చిన ఈ సౌలభ్యం అనుమతి ప్రక్రియలో లేకపోయింది.

5. అతిథికి ఏ షరతు?

విదేశీయులకు ఈ దేశంలో లైసెన్సు ఇవ్వడం అన్యోన్యతా సూత్రం మీద ఆధారపడింది. దరఖాస్తుదారుడు తన దేశంలో చెల్లుబాటయ్యే హామ్ లైసెన్సు కలిగి ఉండాలి. ఆ దేశం భారతీయులకు కూడా అదే సౌకర్యం కల్పిస్తూ ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, స్వదేశపు లైసెన్సు నకళ్లతో ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. భద్రతా పరిశీలన జరగాలి. అనుమతి అతిథి ఇక్కడ ఉండే కాలానికే పరిమితం. ఐరోపా దేశాల తపాలా, టెలికాం పాలనా సంస్థల సమాఖ్య రూపొందించిన ఒప్పందం ప్రకారం ఒక సభ్యదేశపు హామ్ మరొక సభ్యదేశంలో విడిగా దరఖాస్తు లేకుండానే కొద్దికాలం ప్రసారం చేయవచ్చు. ఐరోపా బయటి దేశాలు కొన్ని కూడా అందులో చేరాయి. భారతదేశం చేరలేదు. అందువల్ల గండికోట లోయ అంచున నిలబడి చిన్న యంత్రంతో స్వదేశాన్ని పిలవాలని ముచ్చటపడే విదేశీ యాత్రికుడు, ఆ ముచ్చటను ప్రయాణానికి నెలల ముందే కాగితం మీద పెట్టుకోవాలి. యంత్రాన్ని వెంట తెచ్చుకోవడానికి కూడా అనుమతి కావాలి.

ఈ మూసిన తలుపును కొద్దిగానైనా తెరిపించిన ఘట్టం తెలుగువారి ద్వారానే జరిగింది. హైదరాబాదు సంస్థకు చెందిన భారతి ప్రసాద్ సంకేతనామం వి.యు. 2 ఆర్.బి.ఐ. ఆమె అండమాన్ దీవుల నుంచి హామ్ ప్రసారానికి అనుమతి కోసం ఏళ్ల తరబడి ప్రయత్నించి, 2004 డిసెంబరులో తన బృందంతో పోర్ట్ బ్లెయిర్ చేరారు. అంతకుముందు అక్కడి నుంచి హామ్ ప్రసారం జరిగింది 1987లో. అంత అరుదైన చోటు గనుక ప్రపంచమంతటా హామ్‌లు ఆమె పిలుపు కోసం కాచుకున్నారు. డిసెంబరు 26 ఉదయం భూకంపం, దాని వెనుకే సునామీ వచ్చాయి. దీవుల ఇతర సమాచార మార్గాలు దెబ్బతిన్న ఆ రోజులలో, సరదా కోసం పెట్టిన ఆ కేంద్రం బాధితుల క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసింది. భద్రతా కారణాలతో పదిహేడేళ్లు హామ్‌లను దూరంగా ఉంచిన దీవులలో, అవసరం వచ్చిన రోజున ఆ హామ్‌లే అక్కరకొచ్చారు. తరవాత 2006 ఏప్రిల్‌లో అండమాన్‌లో, 2007 జనవరిలో లక్షద్వీప్‌లో అదే సంస్థ నిర్వహించిన కార్యక్రమాలకు విదేశీ హామ్‌లు అనుమతి పొంది వచ్చారు. సూత్రం మారలేదు. ప్రభుత్వం నమ్మిన ఒక సంస్థ హామీగా నిలబడినప్పుడు అదే సూత్రం పనిచేసింది. విదేశీయుల లైసెన్సు చరిత్రలో నియమాల పాఠం కన్నా ఈ మధ్యవర్తిత్వమే నిర్ణాయకమని నా అభిప్రాయం.

అవతలి ఒడ్డు నుంచి కూడా ఒకసారి చూడాలి. కడప, కర్నూలు ఇంజినీరింగు కళాశాలల నుంచి అమెరికా వెళ్లే విద్యార్థులు వేలల్లో ఉన్నారు. అక్కడి సమాఖ్య సమాచార సంఘం పరీక్షకు పౌరసత్వంతో పని లేదు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధి కాని వారెవరైనా, ఆ దేశంలో తపాలా అందే చిరునామా ఉంటే చాలు, పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. పరీక్షను నిర్వహించేది స్వచ్ఛంద హామ్‌లే. 2007 ఫిబ్రవరి నుంచి ఏ తరగతికీ మోర్స్ లేదు. భారత లైసెన్సు ఉన్న భారత పౌరుడు అన్యోన్యత కింద అక్కడ తన సంకేతనామంతోనే ప్రసారం చేయవచ్చు కూడా. ఇక తిరుగు ప్రయాణం సంగతి. అమెరికా పౌరుడైన తెలుగువాడు సెలవులకు జమ్మలమడుగు వస్తే అతను నియమం దృష్టిలో విదేశీయుడు, అన్యోన్యతా మార్గం అతనికి ఉంది. భారత పౌరుడిగానే ఉండి అమెరికాలో మాత్రమే పరీక్ష రాసినవాడు వస్తే? అన్యోన్యత విదేశీయుని కోసం రాసిన మార్గం, అతను విదేశీయుడు కాడు. తన ఊళ్లో ప్రసారానికి అతనికి స్థానికుని దారే దారి. అతిథికి ఉన్న వెసులుబాటు సొంత మనిషికి లేని ఈ స్థితి, 1978 నాటి నియమకర్తలు ఊహించని వలస ఫలితం.

6. ఎండిన నేల మీద వరద

హామ్ రేడియోను ప్రభుత్వాలు సహించడానికి ప్రధాన కారణం విపత్తు. ఔత్సాహికులు మామూలు రోజుల్లో ఇతరుల సందేశాలు చేరవేయరాదు, వ్యాపారం చేయరాదు, వార్తలు, సంగీతం ప్రసారం చేయరాదు. విపత్తులో మాత్రం ఇతరుల సందేశాలకు అనుమతి ఉంది. కోస్తాలో తుపానుల వల్ల ఈ అవసరం అందరికీ తెలుసు. కరువుకు మారుపేరైన సీమలో దాని ఊసెవరు ఎత్తుతారు?

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. మంత్రాలయం మునిగింది. సుంకేసుల ఆనకట్ట కట్ట తెగింది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. ఆనకట్ట రూపకల్పనలో ఊహించిన గరిష్ఠ వరద 19 లక్షలు. నగరంలో విద్యుత్తు, టెలిఫోను సౌకర్యాలు దెబ్బతిన్నాయి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి, దిగువన పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లను తుడిచిపెట్టింది. ఈ రెండు ఘటనలలోనూ ప్రాణాలకు ముడిపడిన అంశం ఒకటే. పై ఊరి నీటి సమాచారం కింది ఊరికి ఎంత త్వరగా చేరింది అన్నది. సెల్‌ఫోను టవరుకు విద్యుత్తు కావాలి, దాని వెనుక తీగల జాలం కావాలి. కారు బ్యాటరీతో నడిచే హామ్ యంత్రానికి అవి అక్కరలేదు. కానీ యంత్రం నడిపే మనిషి ఆ రోజుకు ముందే లైసెన్సు పొంది అక్కడ ఉండాలి. హైదరాబాదు నుంచి బృందం బయలుదేరి చేరే సరికి హెచ్చరిక సమయం దాటిపోతుంది. పరీక్షా కేంద్రం ఎంత దూరంలో ఉంది అనే ప్రశ్న పాలనాపరమైన చిన్న వివరంగా కనిపిస్తుంది గానీ, నీటి మట్టం పెరిగే వేళ అది అలా ఉండదు.

నియమాలలో ఇప్పటికే ఉన్న ఒక మార్గం ఈ చోట ఉపయోగపడుతుంది. విద్యాసంస్థలు, సంఘాలు క్లబ్బు కేంద్రంగా లైసెన్సు పొందవచ్చు. అర్హత గల నిర్వాహకుడు బాధ్యత వహిస్తే చాలు. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం, అదే ఏడు ఇడుపులపాయలో సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఏర్పడ్డాయి. వలసపోయే విద్యార్థికి స్థిరమైన చిరునామా లేకపోయినా కళాశాలకు ఉంటుంది. పరిమిత తరగతి లైసెన్సుకు మోర్స్ గురువు కూడా అక్కరలేదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. సి 6 మోసుకెళ్లిన హామ్‌శాట్ ఉపగ్రహం, పరిమిత తరగతి వారికి కూడా అందుబాటులో ఉన్న 145, 435 మెగాహెర్ట్జ్ ప్రాంతపు పౌనఃపున్యాలలోనే పనిచేసింది. 42.5 కిలోల ఆ ఉపగ్రహం మీద ఉన్న రెండు ప్రసారకాలలో ఒకటి నెదర్లాండ్స్ విద్యార్థి తయారు చేసినది. విదేశీ ఔత్సాహికుని యంత్రం భారత ఉపగ్రహంలో కక్ష్యకు చేరింది. అదే ఔత్సాహికుడు భూమి మీద, కడపలో, మైకు పట్టుకోవాలంటే మాత్రం పైన చెప్పిన దరఖాస్తు తప్పదు.

2023 డిసెంబరులో ఆమోదం పొందిన టెలికమ్యూనికేషన్ల చట్టం 1885, 1933 చట్టాల స్థానంలో వచ్చింది. కొన్ని సెక్షన్లు 2024 జూన్ 26న అమలులోకి వచ్చాయి. కొత్త చట్టం 'లైసెన్సు' అనదు, 'అధికారీకరణ' అంటుంది. రేడియో పరికరాన్ని దగ్గర ఉంచుకోవడానికి కూడా అది కావాలని 3వ సెక్షన్ చెబుతుంది. గడువు స్పష్టంగా రాసి ఉన్న పాత లైసెన్సులు ఆ గడువు వరకు చెల్లుతాయి. గడువు రాయని వాటికి ఐదేళ్లు. దరఖాస్తు ఇప్పుడు సరళ్ సంచార్ అనే ప్రభుత్వ వేదిక ద్వారా ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. ఢిల్లీకి కాగితాలు పంపి ఎదురుచూసే రోజులు పోయాయి. పరీక్ష రాయడానికి కర్నూలు విద్యార్థి బస్సెక్కడం మాత్రం పోలేదు.